తమ్ముడి మేలుకొలుపు

శుక్రవారం, జనగామ

నిన్న సాయంత్రం దీపం పెట్టి, తమ్ముడు సుధాకర్ లైనక్స్ కంప్యూటర్‌ను అప్‌గ్రేడ్ చేశాను. పనికిరాని పాత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు తీసేయనా అని చివర్లో అడిగింది. దీపం పెట్టాక మా ఇంట్లో ఎవరం వద్దు, లేదు అనం. సరేనని నొక్కాను.

తెల్లవారి ఐదింటికి వాడి గొంతు వినిపించలేదు. నన్ను పూజకు లేపడానికని తన గొంతు రికార్డు చేసి వాడే రాసిపెట్టిన ప్రోగ్రాం అది. వాడు పోయిన ఈ రెండేళ్ళలో ఒక్కరోజూ తప్పలేదు. ఈరోజు పూజలో మనసు నిలవలేదు.

భూపాలపల్లిలో ఉన్న చెల్లెలు సరోజకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"గా డబ్బాకు గూడ శాస్త్రమేనా అక్కా?" అని నవ్వింది. "అన్న ప్రోగ్రాం గా పాత ప్యాకేజీలల్ల ఉన్న ఒక లైబ్రరీ ఫైలు మీదనే నడుస్తది. నువ్వు దాన్నే తీసేసినవ్. పరేషాన్ గాకు, నేను చెప్పినట్టు కొట్టు."

ఒకటి ఎక్కిస్తే ఇంకొకటి కావాలంది కంప్యూటర్. గంట పట్టింది. ఇక ఏ అప్‌గ్రేడూ ఆ లైబ్రరీని కదిలించకుండా కట్టడి కూడా చేయించింది సరోజ. ప్రోగ్రాం నడపగానే వాడి గొంతు వినిపించింది.

"అక్కా, లేచినవా?"

"లేచిందన్నా," అంది సరోజ ఫోన్‌లో, వెంటనే.

ఆ తర్వాత ఫోన్ ఎవరు ముందు పెట్టారో గుర్తులేదు.

రెండేళ్ళుగా రోజూ వింటున్నాను. ఒక్కనాడూ నేను బదులు చెప్పలేదు. లేచినవా అని అడిగి, నా బదులు కోసం వాడు కాసేపు ఆగేవాడేమో...

రేపు ఐదింటికి ఏమనాలి, దేవుడా.