మందు పోయని వరస

మిల్టన్ నుంచి

సువార్తరాజు గారికి వందనాలు.

మీ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న జెస్లిన్ మన చర్చి తోటలో కాలేజీ ప్రాజెక్టు చేస్తోంది కదా. టమాటాలకు వేరుకుళ్లు రాకుండా మేలుచేసే బ్యాక్టీరియా పొడి నీళ్లలో కలిపి పోసింది. తోటలో నాకిచ్చిన వరసకు మాత్రం పోయలేదు.

అడిగితే, "పోల్చి చూడటానికి ఒకటి వదిలేయాలి అంకుల్," అంది.

కిందటేడు నా మొక్కలన్నీ ఆ తెగులుకే పోయాయి. మళ్లీ నాదే ఎందుకు? చర్చి కమిటీలో మీకు ఎదురు మాట్లాడానని, నా వరస వదిలేయమని మీరే ఆమెకు చెప్పారనుకున్నాను. ఆమె షిఫ్టుకు వెళ్లాక మిగిలిన మందు నీళ్లు నా వరసకు పోశాను.

ఇప్పుడు అన్ని వరసలూ పచ్చగా ఉన్నాయి. పొడి వల్ల తేడా లేదని రిపోర్టు రాయబోతూ ఆ పిల్ల ఏడుస్తోంది. రాసేముందు నన్నొకసారి అడగమనండి, చెబుతాను. మీరు మాత్రం అప్పుడు పక్కన ఉండకండి.