ఏరి పారేసిన గింజలు

మంగళవారం

అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతితోనే బడి మానేశాను కదా.

నా మీద నాకే అసహ్యంగా ఉంది. రేషన్ బియ్యంలో తెల్లగా, తేడాగా కనిపించే గింజలు ప్లాస్టిక్‌వని అత్త చెబితే నమ్మాను. ఐదు నెలల కడుపుతో రోజూ వాటిని ఏరి కోళ్లకు వేశాను. ఈరోజు అంగన్‌వాడీ టీచరమ్మ విని నవ్వింది.

"గవి రక్తం పెరగనీకి సర్కారోళ్లు ఐరన్ పెట్టి కలిపిన గింజలే పిల్లా! నీకేమో రక్తం లేకపాయె, మీ కోళ్లేమో బలిసె."

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను.

"టీచరు చెప్తె ప్లాస్టిక్ తింటవా? నా మనుమనికి ఏమన్నయితే?" అని చాట నా ముందు పెట్టింది.

మళ్లీ ఏరాను. ఏరినవి కొంగులో దాచి, అత్త అటు తిరగగానే ఎసట్లో వేశాను.

నా బిడ్డ తిండి నేను దొంగతనంగా వండుకోవాలా? థూ.