పట్టాల మీద పసుపు

కొత్తపేట,
ప్రమాదీచ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ షష్ఠి.

మహారాజశ్రీ అన్నయ్య తాతాజీ గారికి చెల్లెలు నూకాలమ్మ దణ్ణాలు పెట్టి రాయించేది. ఇక్కడ మేమూ పిల్లలూ పడవా క్షేమం. అక్కడి క్షేమం నేను అడగలేదు, తమరు తెలపనక్కర్లేదు. మిషను బడిలో చదివిన పేతురు ఈ జాబు రాస్తున్నాడు. కటువైన మాట వచ్చినప్పుడల్లా కలం ఆపుతున్నాడు. ఆపొద్దని చెప్పాను.

తమరి కబురు అందింది. ఆనకట్ట పూర్తయింది, ఇక రాయితో పని లేదు, పట్టాలు ఊడబీకి కుప్పేశారు, ఎడ్లను అమ్మేసుకున్నాను, బావ పడవ మీద ఏదో ఒక పని ఇప్పించమన్నారట. విని నవ్వుకున్నాను. నవ్వాక ఒళ్ళు మండింది.

ధవళేశ్వరం కొండ నుంచి గోదారి ఒడ్డుకు రాళ్ళు దింపడానికి దొరలు ఇనప దారి వేసినప్పుడు తమరు రెండు జతల ఎడ్లతో వెళ్ళారు. రాళ్ళ బండి వాలుకు తనే దొర్లిపోతుంది, ఖాళీ బండిని ఎడ్లు పైకి లాగుతాయి. చూస్తుండగానే బండ్ల గుత్త అంతా తమరిదే అయింది. మన ఊరి ఎడ్లన్నీ అక్కడే చేరాయి. తమరు జరీ తలపాగా చుట్టారు, మమ్మల్ని ఎవరో పొరుగూరి వాళ్ళను చూసినట్టు చూశారు. చక్రానికి కర్ర అదిమి బండి వేగం ఆపే పని మాత్రం మీ బావకు ఇచ్చారు. ప్రాణానికి తెగించే పని కదా, ఇంకెవరూ ఒప్పుకోలేదు.

సాధారణ సంవత్సరం దసరా తమరు మరిచిపోయినా నేను మరవను. ఆయుధ పూజ నాడు పట్టాలకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొండ మీది నుంచి రేవు దాకా కుండలకొద్దీ నువ్వుల నూనెతో తమ చేత్తో అభిషేకం చేశారు. అంత పూజ జమీందార్లు కూడా చేయలేదని జనం చెప్పుకున్నారు. మర్నాడు మొదటి బండి ఆగలేదు. కింద రెండెడ్లు చచ్చాయి, మీ బావ పాదం నలిగిపోయింది. దొర విచారణకు వస్తే తమరేమన్నారు? పండగ కదండీ, మా బావ తాగి ఉన్నాడండీ అన్నారు. ఆయన కల్లు ముంత ముట్టరని తమరికి తెలియదా? అంతకంటే నన్ను కోసింది, మీ బావ అవునని తల వంచుకోవడం. ఎందుకు ఒప్పుకున్నారో ఇంతవరకూ నాకు చెప్పలేదు. నెత్తురోడే కాలితో ఆయన్ను డోలీలో ఇంటికి పంపించి, తమరు గడప తొక్కి చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు కాలవల నిండా ధాన్యం పడవలే. మా పడవకు తీరిక లేదు, అందులో తమరికి చోటూ లేదు. ఆ జరీ తలపాగా అమ్ముకుని తినండి.

ఇంతకంటే రాయడానికి పేతురుకు చెయ్యి రావడం లేదు.

తమరికి చెల్లెలై పుట్టక తప్పని
నూకాలమ్మ

తా.క. పేతురు జాబు మడవబోతుంటే మీ బావ రేవు నుంచి వచ్చారు. మొత్తం చదివించుకుని విన్నారు. పూజ మాట దగ్గరికి రాగానే, చాలు, చించెయ్యమన్నారు. ఎందుకో చెబితే గాని చించనన్నాను. అప్పుడు చెప్పారు. ఆ పొద్దున ఎంత అదిమినా కర్ర చక్రం మీద నిలవలేదట. చూసుకుంటే చేతినిండా నూనె, పసుపు. అన్నయ్యా, బండి జారింది నీ పూజ వల్ల. ఆ సంగతి నీకు తట్టనే లేదని ఆయనకు తెలుసు. దొరకు తెలిస్తే ఆ పూటే గుత్త పోయేది.

“తాగేనంటే నా ఒక్కడి కూడే పోద్ది. నూనంటే మనూరోళ్ళందరిదీ పోద్ది,” అన్నారు.

నీకు రాయనని ఒట్టు వెయ్యమన్నారు. నేను వెయ్యలేదు. పౌర్ణమికి పడవ ధవళేశ్వరం లాకుల దగ్గర నీకోసం ఆగుతుంది, ఇది ఆయన మాట. చుక్కాని దగ్గర ఆయనకు ఎదురుగా కూర్చో, ఇది నా మాట. ఎండకు ఆయన ఆ పాదం కట్టు విప్పి చాచుకుంటారు. కొత్తపేట వచ్చేదాకా దాన్ని చూస్తూ రా.