గడియారాలకు కట్టిన పేర్లు

మారిసెల్,

సలాడో నది మన వీధిలోకి వచ్చిన ఏడాది బాగుచెయ్యమని జనం ఇచ్చిపోయిన గడియారాలవి. వరద తరవాత వాళ్లు తిరిగి రాలేదు. అంతేగాని నేను పోగేసుకున్నవి కావు. "తాత పోగేసిన గడియారాలు" అని ఫోనులో అందరికీ కనబడేలా పెట్టిన ఆ ఫొటోలు ముందు తీసెయ్. చెత్తబుట్ట బయట పెట్టకు. నువ్వు కత్తిరించి పారేసిన చీటీలు అందులోనే ఉన్నాయి, ఒక్కటీ పోకుండా ఏరు.

రాత్రి అడిగితే "చీటీలు వేలాడుతుంటే ఫొటో బాగుండదు తాతా" అన్నావు. సొంతదారు పేరుండేది ఆ చీటీ మీదే కదా! ఇప్పుడు నల్ల గడియారం ఫొటో కింద ముగ్గురు "అది మా నాన్నది" అని రాశారు. ఎవరికివ్వను? రొట్టెల కొట్టు ఓవిడియో అందరూ వింటుండగా, "ఊళ్లో గడియారాలన్నీ నీవేనా పెద్దాయనా? మా అన్న గడియారం కూడా కలిపేసుకున్నావా?" అన్నాడు. తలెత్తుకోలేకపోయాను.

గడియారాలిచ్చినట్టు నాకు గుర్తున్న రెండిళ్లకు వెళ్లి అడిగొస్తాను. ఎంపనాదాలు మూతపెట్టి ఉంచాను, తిను.

తాత

తా.క. వరదనాడు గడియారాల పెట్టె నెత్తిన పెట్టుకుని మేడెక్కాను. చీటీలు తడిసి సిరా కారిపోయింది. మర్నాడు తెల్లవారగానే మేడ మీదే కూర్చుని, నాకొచ్చిన మూడేళ్ల చదువుతో ఆ పేర్లన్నీ గుర్తు తెచ్చుకుని మళ్లీ రాశాను.