నడుమ ఖాళీ మిగిలిన బొంత

ఉత్తర కన్నడ జిల్లా, యల్లాపుర తాలూకా, కూడ్లగేరి సిద్ది వాడలో కాపురముంటున్న కీర్తిశేషులు కైతాన్ సిద్ది భార్య లూసాన్ అనే నేను, డెబ్బై దాటానని చర్చి పుస్తకం చెబుతున్నా ఒప్పుకోని దాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ఎవరి కల్లూ లేకుండా రాయించిన వీలునామా ఇది.

నా బుద్ధి సరిగ్గా లేదని ఎవరికైనా అనుమానముంటే ఈ ఇంట్లో ఏ బొంతనైనా తెచ్చి నా ముందు పరవండి. ఏ ముక్క ఎవరి ఒంటి మీదిదో, ఎక్కడ చిరిగిందో, చిరిగినప్పుడు వాళ్ళు ఇంట్లో ఏం అబద్ధం చెప్పారో కూడా చెబుతాను. నా కుడిచేతి బొటనవేలి కీలు మాత్రం పోయింది. సూది పట్టుకుంటే జారిపోతోంది. పోయింది వేలే గాని బుర్ర కాదు.

రాస్తున్నది బడి మాస్టారు ప్రభాకర నాయక్ గారు. ఇందులో 'సదరు', 'తదనంతరం' లాంటి మాటలు ఆయనవి, మిగతావి నావి. "ఇవన్నీ వీలునామాలో రాయరమ్మా" అంటూ ఇప్పటికే రెండుసార్లు కలం పక్కన పెట్టారు. రాస్తేనే పనసతొనలు ఇస్తానన్నాను. రాస్తున్నారు.

ఇంకో సంగతి. నేను వసారాలో మంచం మీద పడుకుని ఇది చెబుతున్నాను. నా కోడళ్ళిద్దరూ ఈ వసారా నడుమ మట్టిగోడ పెట్టి రెండు వాటాలు చేశారు. గోడ నా మంచం దాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే నేను లేవనన్నాను. అందువల్ల నా తల పెద్దకోడలు రెజీనా వాటాలోనూ, కాళ్ళు చిన్నకోడలు దుల్సిన్ వాటాలోనూ ఉన్నాయి. మధ్యాహ్నం గంజి తల వైపు నుంచి, రాత్రి రొట్టె కాళ్ళ వైపు నుంచి వస్తుంది. ఇప్పుడు ఇద్దరూ ఏదో పనున్నట్టు గోడకు చెరోపక్క చేరి చెవులు ఇటే పెట్టారు. వినండి, మీకోసమే.

1. నన్ను చర్చి వెనక కైతాన్ పక్కన పూడ్చాలి. కొత్తబట్ట కప్పకూడదు. ట్రంకుపెట్టె అడుగున ఉన్న నీలం బొంత చుట్టాలి. దానికి కైతాన్ చొక్కా జేబు కుట్టి, జేబు మూతి మాత్రం కుట్టకుండా వదిలేశాను. ఆయన పోయాక చలి రాత్రుళ్ళు ఆ జేబులో చెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని. ఎవరూ చూడలేదనుకున్నాను. దుల్సిన్ చూసింది. ఉతికేటప్పుడు బండకేసి బాదకుండా ఆ జేబును చేత్తో రుద్దేది. దమ్మాం డోలు గట్టిగా కొట్టించండి. ఏడవాలనుకున్నవాళ్ళు డోలు ఆగాక ఏడవచ్చు.

2. నా కొడుకులు సాలు, పెద్రు ఇద్దరికీ పెరట్లోని పనసచెట్టు, మేకలు సమానంగా చెందుతాయి. వీళ్ళు పుట్టినప్పటి నుంచి నా బొంతల కిందే గురకపెట్టారు. సూదిలో దారం ఎక్కించమంటే అడవిలో పనుందనేవాళ్ళు. చెట్టెక్కడానికి ఇద్దరికీ భయమే. కాయలు కోసుకోవడం ఎలాగో వాళ్ళే ఆలోచించుకోవలసినది. ఇంటి విషయంలో ఇద్దరికీ ఏ హక్కూ లేదు. ఇదే ఇంట్లో గోడ లేస్తుంటే ఒకడు తేనెకు వెళ్ళాడు, ఒకడు నిద్రపోయాడు.

3. పక్కింటి ఖైరూన్‌బీకి నా కత్తెర ఇస్తున్నాను. అది చాలాకాలంగా ఆమె దగ్గరే ఉంది. "నీ కత్తెరా? నేనెక్కడ చూశాను వదినా?" అంటూనే ఉంది. ఇకమీదట బియ్యం డబ్బాలో దాచుకోనక్కర్లేదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెకే అప్పగిస్తున్నాను. కత్తెర విషయంలో ఇంత గట్టిగా నిలబడ్డ మనిషి నా మాట విషయంలోనూ నిలబడుతుంది.

4. వక్కతోట పెద్దింటమ్మ గారికి నా నమస్కారాలు. పండగ పూట కూలికి బదులు చిరిగిన పాతబట్టలు చేతిలో పెట్టి, "మీకు ఇవే కదా కావాల్సింది" అనేవారు. కావాల్సినవే. ఆమె పట్టు జాకెట్టు ముక్కలన్నీ ఈ వాడలోని చంటిపిల్లల బొంతల్లో ఉన్నాయి. సరిగ్గా పిల్లల పిరుదులు ఆనే చోట చూసి కుట్టాను. పిల్లలు తమ పని తాము చేశారు. పట్టు గట్టిది, ఎన్ని ఉతుకులైనా తట్టుకుంది. ఈ కబురు ఆమెకు ఖైరూన్‌బీ స్వయంగా అందజేయవలసినది.

5. ఇక గోడ సంగతి. మా బొంతను మేం కవంది అంటాం. దానికి నాలుగు మూలలా నాలుగు పువ్వులుండాలి. గుడ్డముక్కను త్రికోణంగా మడిచి కుడితే పువ్వు. అవి లేని బొంత ఒంటి మీద నూలుపోగు లేని మనిషి లాంటిది, బయటికి తేకూడదు. పట్నం నుంచి బొంతలు కొనే అమ్మాయి ఒకతె వచ్చి, మడతపెట్టడానికి ఆ పువ్వులు అడ్డొస్తున్నాయి, అవి లేకుండా టేపుతో కొలిచి గీత గీసినట్టు కుట్టివ్వమంది. దుల్సిన్ కుట్టిచ్చింది. నీళ్ళ దగ్గర వాడంతా ఉండగా రెజీనా అడిగేసింది: "ఏమే, బొంతకి బట్టలిప్పి బజారుకి పంపావంట? సిగ్గెయ్యలేదూ?" దుల్సిన్ బిందె కింద పెట్టి, "నీ పువ్వులు చూశాంలే అక్కా, మేకచెవుల్లా వేలాడతాయి. వాటికన్నా మొండిమూలే నయం" అంది. అదే ఆఖరి మాట. ఆ తర్వాత గోడ లేచింది. చిత్రమేమిటంటే దాన్ని ఇద్దరూ కలిసే కట్టారు. ఒకరు మట్టి తొక్కితే ఒకరు ముద్దలు పేర్చారు, నోరు విప్పకుండా. అంత పొందికగా పనిచేసే తోటికోడళ్ళను నేను ఎక్కడా చూడలేదు.

నన్ను తీర్పు అడిగినవాళ్ళకు ఇదే చెబుతున్నాను. దుల్సిన్ బొంత బట్టల్లేనిదే. రెజీనా పువ్వులు మేకచెవులే. ఒక్కరైనా అబద్ధమాడి ఉంటే నా పని తేలికయ్యేది.

6. మూల పువ్వులు కుట్టడం తెలిసీ మానేసిన దుల్సిన్‌కు, నేను మడిచిపెట్టుకున్న పువ్వులున్న బిస్కెట్ల డబ్బా ఇస్తున్నాను. పట్నం అమ్మాయి మరిచిపోయి వెళ్ళిన కొలత టేపు రెజీనాకు ఇస్తున్నాను. బొంత కొలవమని కాదు. గోడను కొలిచి, ఆ మట్టితో ఎన్ని పొయ్యిలు వేసుకోవచ్చో చూసుకోమని.

7. సదరు ఇల్లు, వసారా, పెరడు నా తదనంతరం రెజీనా, దుల్సిన్‌లకు ఉమ్మడిగా, సర్వహక్కులతో చెందుతాయి. అయితే ఒక షరతు ఉంది.

నేను మొదలుపెట్టి ఆపేసిన బొంత ఒకటి దూలానికి వేలాడుతోంది. మేం బొంతను అంచుల నుంచి మొదలుపెడతాం. ముందు బొమ్మ గీసుకోం, లెక్క వేసుకోం. మూటలో చెయ్యి పెడితే ఏ ముక్క తగిలితే అది, పక్క ముక్కతో పడుతుందో లేదో చూసి కుట్టేస్తాం. పడకపోతే మధ్యలో ఇంకో చిన్న ముక్క వేస్తాం, ఇద్దరూ సర్దుకుంటారు. అలా చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తాం. ఆ బొంత అంచులో ఎర్రముక్కలు కనిపిస్తాయి. దుల్సిన్ తొలి కాన్పుకు పిల్లకు బొంత లేకపోతే, రెజీనా ఎవరూ అడక్కుండానే తన పెళ్ళిచీర చింపింది. అప్పుడు మిగిలిన ముక్కలే ఇవి. దుల్సిన్, ఇది నీకు తెలియదు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు నేను బతికున్నంత వరకే కదా. కాస్త ముందుగా చెప్పేశాను.

బొంత మూడొంతులయ్యాక వేలు పోయింది. నడుమ నాలుగు రొట్టెపెనాలు పట్టేంత ఖాళీ మిగిలింది. దాన్ని మీరిద్దరూ పూర్తిచెయ్యాలి. ఒకరు తూర్పు నుంచి, ఒకరు పడమర నుంచి కుట్టుకుంటూ రండి. సూదులు రెండు, దారపు ఉండ ఒక్కటే ఇస్తున్నాను. మాట్లాడుకోవాలని షరతు పెట్టడం లేదు. ఎదురుగా కూర్చుని మౌనవ్రతం చేసుకోండి. కాకపోతే ఒక్కో చుట్టుకూ మీ మోకాళ్ళు దగ్గరవుతాయి. చివరి చుట్టుకు తలలు ఢీకొంటాయి. అప్పుడు ఎవరో ఒకరు తిట్టక తప్పదు. తిట్టుకోండి. ఆఖరి ముక్క నేనిప్పుడు కట్టుకున్న చీర కొంగులోంచి కత్తిరించాలి. దాని కింద నాలుగు బియ్యం గింజలు పెట్టాలి, బొంత పొట్ట ఖాళీగా ఉండకూడదు. గింజలు జారకుండా ఒకరు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు కుట్టాలి. నేనొక్కదాన్నే కుడదామని చూస్తే గింజలన్నీ కోళ్ళు తిన్నాయి.

పూర్తయిన బొంత ఎవరిదంటే, మీ ఇద్దరిలో ముందు జ్వరం వచ్చినవాళ్ళది. రెండోవాళ్ళు తీసుకొచ్చి కప్పాలి.

నేను పోయాక వచ్చే వానాకాలం లోపు బొంత పూర్తి కాలేదని ఖైరూన్‌బీ తేల్చితే, ఇంటి తాళం నా మరిది మింగేల్‌కు అప్పగించాలి. ఆయన తన వేటకుక్కలన్నిటితో సహా వసారాలో కాపురం పెడతాడు. వానాకాలం నాలుగు నెలలూ కాళ్ళు కడుక్కోడు, దేవుడు కడుగుతుంటే మధ్యలో నేనెందుకంటాడు. ఆ కాళ్ళ వాసన మీ ఇద్దరికీ తెలుసు.

మాస్టారూ, ఇప్పుడు గోడకు రెండు పక్కలా ఒకేసారి నవ్వు వినిపించింది. దగ్గులా మార్చుకున్నారు గాని అది నవ్వే. అది కూడా రాయండి.

8. ఇంత తతంగం ఎందుకని అడుగుతున్నారు మాస్టారు. చెబుతాను. నాకు చావంటే భయం లేదు. నేను పోయిన రోజునే ఈ మంచం తీసేస్తారు. మంచం తీశాక అక్కడ మిగిలే ఖాళీలో కూడా గోడ వచ్చేస్తుందేమోనని భయం. ఈ ఇంట్లో అటూ ఇటూ గాలి వచ్చేది ఈ మంచం ఉన్న చోట నుంచే. నాకు నా కోడళ్ళిద్దరూ కావాలి. చచ్చాక కూడా కావాలి. పడని ముక్కల్ని జీవితమంతా పక్కపక్కన కుట్టిన దాన్ని, ఈ రెండింటినీ మాత్రం వదిలి వెళ్ళలేకపోతున్నాను.

9. వేలిముద్ర వేద్దామంటే మాస్టారు ఇంకుడబ్బా మరిచిపోయి వచ్చారు. ఏం చేద్దామని చూస్తుండగా రెజీనా లేచి, పెనం అడుగున మసి గీకి కొబ్బరిచిప్పలో పట్టుకొచ్చింది. కాళ్ళ వైపు నుంచి దుల్సిన్ నూనెగిన్నె తెచ్చింది. రెండు చేతులూ నా పొట్ట మీదుగా కలిశాయి. దుల్సిన్ నూనె పోస్తుంటే రెజీనా ఉన్నట్టుండి, "చాలు చాలు, ఇంకా పోస్తే కారిపోద్ది" అంది. "నాకు తెల్సులే అక్కా, నువ్వు కలుపు" అంది దుల్సిన్. దాని కళ్ళు ఎందుకో తడిగా ఉన్నాయి. ఎర్రముక్కల సంగతి విన్నందుకు కావచ్చు, మసి పడినందుకు కావచ్చు.

"మేం మాట్లాడుకున్నట్టు రాయకండి మాస్టారూ" అంటోంది రెజీనా. రాయండి. షరతు మాత్రం మారదు.

చదివి వినిపించగా విని, ఒప్పుకుని, 2009వ సంవత్సరం మే నెల 18వ తేదీ సోమవారం నాడు నా ఇంటి వసారాలో ముద్ర వేశాను.

లూసాన్ కైతాన్ సిద్ది
కుడి బొటనవేలి ముద్ర

సాక్షులు:
జొకిం మనువేల్ సిద్ది, దమ్మాం వాయించేవాడు
హుసేన్‌సాబ్ సిద్ది, ఖైరూన్‌బీ భర్త, కత్తెర ఎక్కడుందో మొదటి నుంచీ తెలిసినవాడు

దస్తూరి: ప్రభాకర నాయక్, బడి మాస్టారు. పనసతొనలు ముట్టినవి.

వేలు వంకరపోయి ముద్ర సరిగ్గా పడనందున, ఆమె చెయ్యి పట్టుకుని వేయించినవారు: మణికట్టు దగ్గర రెజీనా, బొటనవేలి దగ్గర దుల్సిన్.