జనం వైపు తెర

మే 9
బాధితుల సహాయ కేంద్రం వాళ్ళు నాకు మొదటి మనిషిని అప్పజెప్పారు. హమాగుచి సుమియె గారు. ముల్లంగి ఊరగాయల కొట్టు ఆవిడది. జనవరిలో ఓ రాత్రి ఎవడో ఇంట్లో దూరి, చెయ్యి విరగ్గొట్టి, గల్లాపెట్టె పట్టుకుపోయాడు. దొరికాడు. జూలైలో ఆవిడ సాక్ష్యం చెప్పాలి. దానికి తోడుండటం నా పని. నా థీసిస్ కూడా అదే, నేరం జరిగాక బాధితుల్ని లోకం ఎలా చూస్తుందని.

ఏమ్మా పుస్తకాల పిల్లా, నన్ను పరీక్షకి తయారుచేస్తావా అంది. ఎడంచేత్తో టీ పోసింది.

మే 23
వీధి నోటీసులు పెట్టిన పలకని ఒకరి తర్వాత ఒకరు పక్కింటికి అందిస్తూ ఇల్లిల్లూ తిప్పుతారు కదా. ఆవిడ గుమ్మం దాటేసి పోతోంది. ఎదురింటి ఒకుమురా గారినడిగితే, పాపం ఆవిణ్ణెందుకమ్మా ఇబ్బంది పెట్టడం అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. నటన కాదు. కొట్టుకి మాత్రం ఎవరూ రారు. ఏం మాట్లాడాలో తెలీదట.

ఇంత మర్యాదగా మనిషిని వెలివేయొచ్చని ఏ క్లాసులోనూ చెప్పలేదు.

జూన్ 6
సాక్ష్యం చెప్పనంది. ఫోన్ పెట్టేసింది.

జూన్ 20
ప్రాసిక్యూటర్ గారు నచ్చజెప్పారు. ముద్దాయి కనబడకుండా మధ్యలో తెర కట్టిస్తామన్నారు. ఆవిడ నవ్వేసింది. వాడంటే నాకేం భయం, అటూ ఇటూ గార్డులుంటారుగా అంది. తెర జనం కూర్చునే వైపు కట్టించండి, మా వీధంతా వస్తుంది అంది.

వాళ్ళంటే భయమా అనడిగాను. భయం కాదే పిచ్చిదానా, రేపు మళ్ళీ వాళ్ళ మధ్యే బతకాలి, మొహాలు చూస్తూ చెప్తే సగం మింగేస్తాను అంది.

ఆ సగం ఏమిటో అడగడానికి ధైర్యం చాల్లేదు.

జూలై 4
తెర కట్టారు. నేను జనంలో కూర్చున్నాను. నిజంగానే వీధంతా వచ్చింది, ముదురు రంగు బట్టల్లో, చేతిరుమాళ్ళతో. మాకు ఆవిడ గొంతే వినబడుతోంది.

కేకలు పెట్టారా అని ప్రాసిక్యూటర్ గారడిగారు. గొంతు పోయేలా పెట్టాను అంది. ఎవరైనా వచ్చారా అనడిగారు. ఎదురిళ్ళల్లో లైట్లు వెలిగాయి అంది. మళ్ళీ ఒక్కొక్కటే ఆరిపోయాయి అంది.

ఒక్క పేరూ చెప్పలేదు. నా పక్కన ఒకుమురా గారు రుమాలు నోట్లో కుక్కుకుంది. ఆ తెర ఆవిడకి వాళ్ళ మొహాలు కనబడనివ్వలేదు. వాళ్ళనీ అదే కాపాడింది. ఆ గొంతుకి లేచి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

జూలై 5, ఉదయం 8
ఎండెక్కింది. వీధిలో ఒక్క ఇంట్లోనూ రాత్రి వెలిగించిన లైటు ఇంకా ఆర్పలేదు. కరెంటు దండగ, మొద్దు మొహాలు అని తిడుతూ సుమియె గారు ఎదురింటి గుమ్మం దాకా ఊడ్చింది.