అక్క స్నానానికి రాడ్డు వద్దు

బెల్లంపల్లి

బాపూ, నేను బాగానే ఉన్నాను. ఫోన్లో చెబితే కట్ చేస్తావని కార్డు రాస్తున్నాను, అవ్వకు చదివి వినిపించు.

బాలింత అక్క స్నానానికి నీళ్లు కాచే కరెంటు రాడ్డు కొన్నావట. నిన్న మా రూంలో ఉండే హరీష్ గని డ్యూటీ దిగి వచ్చి, రాడ్డు స్విచ్ ఆపకుండానే నీళ్లు కాగాయేమోనని బకెట్లో చెయ్యి పెట్టాడు. కరెంటు విసిరి కొట్టింది. బతికాడు గానీ వేళ్లు ముడుచుకోవడం లేదు. మా గని కాంట్రాక్టర్ వచ్చి "బొగ్గుబాయిల పడనోనివి బకెట్ల పడ్డవేందిరా?" అని నవ్వాడు.

నేను గడియారం పెట్టి చూశాను. బకెట్ నీళ్లకు కట్టెల పొయ్యి ముప్పావు గంట తీసుకుంది, వేడి సగానికి పైగా గోడకూ గాలికీ పోయింది. రాడ్డుకు పద్దెనిమిది నిమిషాలు చాలు. కానీ ఆ కరెంటు కోసం కరెంటు ప్లాంటులో మూడు తట్టల బొగ్గు కాలిస్తే రెండు తట్టల వేడి ముందే గాలిపాలు. ఆ బొగ్గు తవ్వేది మేము.

మిద్దె మీద మన పొలం బాయికాడి నల్లటి పైపు చుట్ట పరిచి నీళ్లు నింపు. మధ్యాహ్నానికి ఎండకే కాగుతాయి. అవ్వ పొయ్యి ఊది దగ్గనక్కర లేదు. "బాలింతకు పొద్దుగాల్నే నీళ్లు పొయ్యాలె" అంటావు. ప్రాణం కంటే పొద్దు ఎక్కువా?

పాపకు బొడ్డు ఊడిందా? మేనమామ ముద్దాడాడని చెప్పు. ఆ రాడ్డు దుకాణంలో వాపసు ఇచ్చిన రోజే నీకు దండాలు.

సిద్ధు